బక్కయ్య కొట్టని డప్పు

ఇస్రాయేలు వకీలు తన డప్పు తాను ఎన్నడూ కొట్టుకోలేదు. ఆ పని నాది. నేను ఆయన దగ్గర రాతకోతలు చూసే మున్షీ దుర్గయ్యను. రామన్నపేట కోర్టు కచేరీ అరుగు మీద నిలబడి, "రాండ్రి, మా సాబ్ దగ్గర వాయిదా పడ్డా ఫాయిదా ఉంటది!" అని కేకేస్తే, ఆయన లోపలి నుంచి, "దుర్గయ్యా, ఇది కచేరీ, కూరగాయల అంగడి గాదు" అనేవాడు. జీతగాడి కొడుకు, మిషన్ బడిలో చదివి వకీలయ్యాడు. కక్షిదారు మట్టికాళ్లతో వస్తే ముందు జొన్నరొట్టె, తర్వాతే కాగితం. ముద్దాయికి ముద్ద పెట్టిన వకీలును నేను ఇంకొకరిని చూడలేదు. ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పేవాడు, సోమవారం కచేరీలో సాక్ష్యం చెప్పించేవాడు. రెండు చోట్లా నాలుక ఒకటే.

ఆయన గత్తరతో, ఆ వాంతులూ విరేచనాల రోగంతోనే పోయాడు. గత్తర సోకిన వాడలో ఇంటింటికీ నీళ్లు కాచి మోసి, తానే మంచాన పడ్డాడు. మరునాటికి లేడు.

గత్తర శవం, దగ్గరికి రావద్దని ఎంత చెప్పినా ఊళ్లు కదిలి వచ్చాయి. ఆ జనంలో బక్కయ్య ఉన్నాడు. చంకలో గొంగడి, గొంగడిలో డప్పు.

ఆ డప్పు సంగతి చెప్పాలి. బక్కయ్య వంశమంతా దొర గడీ ముందు వెట్టికి డప్పు కొట్టింది. దొర ఇంట పెళ్లికి కొట్టాలి, వేటకు కొట్టాలి, కుక్క చచ్చినా కొట్టాలి. తన బిడ్డ చచ్చిన నాడు కూడా బక్కయ్యను గడీకి ఈడ్చుకుపోయారు. ఆ మరునాడే అతను మా అరుగెక్కాడు. "డప్పు వాళ్ల కులపు పని, మాకు కొట్టక తప్పదు" అన్నారు దొర వైపువాళ్లు. "ఇతను బాప్తిస్మం తీసుకొని డప్పు విడిచాడు. విడిచిన పని చేయమని ఎవరూ అడగలేరు" అన్నాడు మా వకీలు.

"ఎవ్వరికీ కొట్టడా?" అని మున్సిఫ్ అడిగాడు.

"ఎవ్వరికీ కొట్టడు హుజూర్. ఇది నా మాట."

ఆ మాట మీదే గెలిచాం. దొర నల్గొండలో అప్పీలు వేశాడు. వచ్చే వారమే వాయిదా. అక్కడా గెలిస్తే బక్కయ్యతో పాటు వాడలో డప్పు కొట్టే ఇళ్లన్నీ వెట్టి నుంచి బయటపడతాయి.

వాకిలికి ఎదురుగా దొర మనిషి ఐలేశం బీడీ తాగుతూ కూర్చున్నాడు. ఏడవడానికి రాలేదు, వినడానికి వచ్చాడు.

"ఏం మున్షీ, గింత పెద్ద వకీలు సప్పుడు లేకుంట పోతడా?"

"దొర డప్పు కొట్టనీకి నీ నోరుండంగ ఇంకో డప్పెందుకురా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

దొడ్లోకి వెళ్తే, వకీలు నీళ్లు కాచిన పొయ్యిలో నిప్పులు ఎగదోసి బక్కయ్య డప్పు కాస్తున్నాడు.

"పిస లేసిందార నీకు, పిచ్చోడా? బయట ఐలేశం ఉన్నడు."

"ఉండనీ."

"డప్పు విడ్సిండంటిరి, మల్ల కొట్టిండు గద అంటరు నల్గొండల. మల్ల గడీకి గుంజుకపోతరు."

"గుంజుకపోనీ. నా బిడ్డ సచ్చిననాడు బిడ్డకు కొట్టలే, గడీల కొట్టిన. గీయనకు గూడ కొట్టకపోతె గీ చేతులెందుకు దుర్గన్నా?"

బయటికి కనబడకుండా దొడ్డి తలుపు దగ్గరికి వేశాను.

వకీలు భార్య అరుణమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురు పోయింది. డప్పు తోలు మీద వేళ్లు ఆనించి చూసింది.

"మంచిగ కాగింది" అంది.

బక్కయ్య నడుములో దోపుకున్న పుల్లలు తీశాడు. "ఒక్క దరువు, అమ్మా."

"నాకు గూడ ఇనాల్నని ఉంది బక్కయ్యా. గని ఎవ్వరికీ కొట్టడని కచేరిల మాటిచ్చిండు. పానముంటె ఆయననే మాట మార్చుకుంటుండెనేమొ. ఇగ మార్చుకోలేడు గద బిడ్డా."

ఆమె డప్పును తడిగుడ్డలో చుట్టింది. తడి తగిలితే తోలు వదులై పలకదు. బక్కయ్య చూస్తూ నిలబడ్డాడు.

శవపెట్టెను ఎడ్లబండి మీద ఎక్కించాం. పక్కన అరుణమ్మ కూర్చుంది. పాస్టరు పాట అందుకున్నాడు గానీ రెండో చరణానికే ఆపేశాడు. ఇక ఇరుసు చప్పుడే మిగిలింది. బక్కయ్య బండి వెనకాల పెట్టె మీద చెయ్యి వేసి నడుస్తున్నాడు. ఐలేశం కాస్త ఎడంగా వెంట వస్తున్నాడు.

ఊరు దాటాక బక్కయ్య వేళ్లు కదిలాయి. అతనికి తెలియనే తెలియదు. ముందు ఒక వేలు, తర్వాత మరొకటి. కొయ్య పలికింది, మెల్లగా, దరువు కట్టి. నడిచేవాళ్ల అడుగులు దానికి కలిశాయి. ఐలేశం తలెత్తి, గబగబా దగ్గరికి రాసాగాడు.

అరుణమ్మ వంగి ఆ చెయ్యి పట్టుకుంది.

"తియ్యి బక్కయ్యా. ఆయన మాట పోతది."

అతను తీశాడు. రెండు చేతులూ చంకల్లో ఇరికించుకొని, చలికి ముడుచుకున్నవాడిలా సమాధి దాకా నడిచాడు. అందరం తలా పిడికెడు మట్టి వేశాం. బక్కయ్య మాత్రం చేతులు బయటికి తీయలేదు.