మామగారికి ఫుల్ టికెట్

కండక్టరమ్మ గొంతు బస్సులో ఎంతుండేదో ఇంట్లోనూ అంతే ఉండేది. పొద్దస్తమానం జనాన్ని అదిలించి అదిలించి ఇంటికొచ్చేది, వచ్చాక మొగుణ్ణీ అలాగే అదిలించేది. మొగుడు వడ్రంగి. పనిలో దిట్ట, అందులో వంక పెట్టడానికి లేదు. రంపం చేతిలో ఉన్నంతసేపూ మనిషి బంగారం. సాయంత్రమై ఎండ ఎదురింటి గోడ ఎక్కిందంటే మాత్రం చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలు. ఆ చెప్పుల చప్పుడు వింటే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. అక్కణ్ణించి సారా కొట్టు, ఆ పైన ఏ అరుగు మీదో పడి ఉంటే ఈవిడే వెళ్ళి మోసుకురావడం.

ఎందుకు తాగుతాడో వీధిలో అందరికీ తెలుసు. అతని తండ్రి పోయేముందు "వాణ్ణి పిలవండి, వాణ్ణి పిలవండి" అని ఒకటే కలవరించాడు. అప్పట్లో ఎప్పుడో ఒకసారి తాగే వీడు, ఆ పూట సారా కొట్టులో ఉన్నాడు. కబురు పంపితే "వస్తున్నా, పదండి" అన్నాడు. వచ్చేసరికి అయిపోయింది. ఎందుకు పిలిచాడో మరి! తిట్టడానికో, దీవించడానికో, ఏదైనా రహస్యం చెప్పడానికో. అది తెలీక తాగుతాడు, తాగితే అదే గుర్తొస్తుంది, గుర్తొస్తే మళ్ళీ తాగుతాడు.

"ఇంక నా వల్ల కాదు," అంది కండక్టరమ్మ ఒకరోజు. "ఆ కొత్త ఆసుపత్రికి రా. ఇదొక్కటీ చూద్దాం. దీనికీ మానకపోయావా, నీ దారి నీది, నా దారి నాది." ఆవిడ ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదని అతనికి తెలుసు. లేచి చొక్కా మార్చుకున్నాడు.

ఆ ఆసుపత్రిలో పుట్టగొడుగుల నుంచి తీసిన మందు ఇస్తారు. తాగుడుకి, తగ్గని దిగులుకి, చావు భయానికి పనికొస్తుందేమోనని ఇంకా పరీక్షిస్తున్నారు. మందు మింగి, కళ్ళకి గంతలు కట్టుకుని, మెత్తటి సంగీతం వింటూ పడుకోవాలి. పక్కన ఒక నర్సు కనిపెట్టుకుని కూర్చుంటుంది. లోపల ఏం కనబడిందో, కళ్ళు తెరిచేసరికి అది గదిలో ఉంటుంది. ఎవరో టీచరుగారికి సముద్రం కనబడితే నర్సులు ప్యాంట్లు పైకి మడుచుకుని బకెట్లతో తోడిపోశారు. ఇంకొకాయన లేచేసరికి గది నిండా ఈకలు, వార్డంతా తుమ్ములు. అందుకే ఆ గదికి గడప కాస్త ఎత్తుగా కట్టించారు. చీపుళ్ళు కూడా గట్టివే కొన్నారు.

పుట్టగొడుగులు పెంచేది మాత్రం పక్కవీధి ధ్యానకేంద్రం వాళ్ళు. అందుకని డాక్టరుగారికీ అక్కడి గురువుగారికీ మధ్య ఒక ఒప్పందం. రోగి లోపల్నించి వచ్చినవాటిలో బరువున్నవి డాక్టరుగారివి, బరువు లేనివి గురువుగారివి. ఇసుకా ఈకలూ సీసాల్లోకెక్కి అలమరాలోకి పోయేవి. వెలుగులు, వాసనలు, రాగాలు గురువుగారు గుడ్డసంచుల్లో మూతిబిగించి పట్టుకెళ్ళేవారు. తూచుకోవడానికి గది బయటే ఒక కాటా పెట్టారు. అన్నాళ్ళూ పేచీ లేకుండా జరిగిపోయింది.

వడ్రంగి గంతలు విప్పేసరికి ఎదురుగా కుర్చీలో వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నాడు.

కండక్టరమ్మ లోపలికొచ్చి చూసింది. "బాగున్నారా మామయ్యా?"

"ఏం బాగులే అమ్మాయ్. ఫినాయిలు కంపు."

కొడుకు మాత్రం గోడవైపు తిరిగి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. అంత మనిషి, చెక్క దూలాలు ఒంటిచేత్తో ఎత్తేవాడు, దుప్పటి కింద గజగజ వణికాడు. ఆవిడకి కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ముసలాయన్ని కాటా ఎక్కించారు. ముల్లు నిండు మనిషి బరువు దాకా వెళ్ళి, మళ్ళీ సున్నాకి జారింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ జారింది. ఎంతకీ నిలవలేదు.

"బరువుంది, మాకే చెందుతాడు," అన్నారు డాక్టరుగారు.

"సున్నా చూడలేదా? మావాడే," అన్నారు గురువుగారు.

"మీ వాడేంటి, మీ వాడు?" అంది కండక్టరమ్మ.

డాక్టరుగారు చెడ్డమనిషేం కాదు. ఆవిణ్ణి పక్కకి పిలిచి నెమ్మదిగానే చెప్పారు. "చూడండమ్మా, ఈయన మీ మామగారు కాదు. మీ ఆయన మెదడు తయారుచేసుకున్న రూపం. 'నేను' అంటూ మన లోపల ఒకడు కాపలా కూర్చుంటాడు. ఏది బయటికి రావాలో, ఏది రాకూడదో అంతా వాడి పెత్తనమే. ఈ మందు వాడికి కాసేపు కునుకు పట్టిస్తుంది. అణిగి ఉన్నవి అప్పుడు బయటపడతాయి. ఈ రూపాన్ని ఇక్కడే ఉంచి మేం గమనించాలి. ఇంటికి తీసుకెళితే మీ ఆయన మళ్ళీ తాగుతాడు. భయపెట్టాలని కాదు, అలా అయినవాళ్ళని చూశాను."

గురువుగారు ఇటు నుంచి అందుకున్నారు. "రూపం కాదు తల్లీ. 'నేను' అనే తెర తొలగింది, ఆవలి వైపున్నవాడు ఈవలికి వచ్చాడు. మా కేంద్రంలో నిశ్శబ్దంగా కూర్చోబెడితే ఆయనా తరిస్తాడు, నీ భర్తా బాగుపడతాడు. తీసుకెళ్ళి గిన్నెల మోతలో పడేశావో, ఆయన ఆవిరైపోతాడు, నీ భర్త కొట్టు దారి పడతాడు."

ఇద్దరూ ఒకే ఊరికి పోతూ బస్సు పేరు దగ్గర కొట్టుకుంటున్నారనిపించింది ఆవిడకి. ఒకాయన కాపలావాడంటాడు, ఇంకొకాయన తెరంటాడు. మధ్యలో మా ఆయన ఏడుపు ఎవడిక్కావాలి! అయినా, చెప్పొద్దూ, భయం వేసింది. చదువుకున్నవాళ్ళు ఇద్దరూ ఒకేమాట అంటున్నారు, మళ్ళీ తాగుతాడని. వాళ్ళ మాట నిజమైతే ఈ పాపం తన నెత్తినే పడుతుంది. ఒక్క క్షణం వదిలేసి పోదామా అనుకుంది కూడా. అంతలో దుప్పటి కింద మొగుడి కాళ్ళు కనబడ్డాయి, చలేసినవాడిలా ముడుచుకుని.

"మీలో ఎవరిది నిజమో నాకు తెలీదు," అంది. "ఇద్దరిదీ నిజమే అయితే అవనీండి. ఆయన వచ్చింది తన కొడుకు కోసం. మీ అలమరాలోకి రాలేదు, మీ సంచిలోకీ రాలేదు. లేవండి మామయ్యా. ఏమయ్యా, నువ్వూ లే."

"నేనొప్పుకోను," అన్నారు డాక్టరుగారు.

"ఒప్పుకోకండి."

గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టబోయి, ఆవిడ వేసిన కేకకి గబుక్కున పక్కకి తప్పుకున్నాడు.

బస్సులో డ్యూటీ మీదున్న కండక్టరు ఈవిడకి తెలిసినవాడే. ముసలాయన్ని ఎగాదిగా చూసి, "వదినా, ఈయనకి టికెట్టా, లగేజీయా?" అన్నాడు.

"ఫుల్ టికెట్."

"పెద్దాయన కదా, రాయితీ ఉంటుందేమో."

"పోయినవాళ్ళకి రాయితీ ఎక్కడుందయ్యా? కొట్టు టికెట్టు."

దారిలో గతుకులొచ్చినప్పుడల్లా ముసలాయన సీటు మీంచి అలా పైకి తేలిపోయేవాడు. వెనక సీటావిడ భుజం పట్టుకుని కిందికి లాగేది. "గట్టిగా కూర్చోండి పెద్దాయనా, ఈ రోడ్లు ఇంతే," అనేది. ఆయన మాత్రం ఎప్పుడూ వెళ్ళిన దారే అన్నట్టు బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి చేరేసరికి ఎండ ఎదురింటి గోడ ఎక్కింది. వడ్రంగి చూపు గుమ్మం వైపు పోయింది. పెదాలు తడుపుకున్నాడు. కండక్టరమ్మ కొంగు బిగించి గుమ్మానికి అడ్డంగా నిలబడదామనుకుని, మళ్ళీ వద్దనుకుని, పక్కకి జరిగింది. ఆపి ఎన్నాళ్ళు ఆపుతుంది?

"పోతే పో," అంది. "కానీ వెళ్ళేముందు అడుగు. ఎదురుగా కూర్చున్నాడు కదా, అడిగి చావు!"

అతను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "నాన్నా," అన్నాడు చివరికి. "ఆ రోజు ఎందుకు పిలిచావు?"

"అదిగో, ఆ కిటికీ," అన్నాడు ముసలాయన గోడవైపు చూపిస్తూ. "రెక్క బిగుసుకుపోయింది. నాకా ఊపిరాడట్లేదు. అందరూ వచ్చి గుంజారు, ఎవడి వల్లా కాలేదు. నువ్వైతే కాస్త చిత్రిక పట్టి తీసేవాడివి కదా."

"అంతేనా?"

"అంతేనా అంటావేంట్రా? గాలి రా అది!"

ఇన్నేళ్ళూ ఒక కిటికీ కోసమా! కండక్టరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. వడ్రంగి మాత్రం ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నన్ను క్షమించావా నాన్నా?"

"లేదు," అన్నాడు ముసలాయన. "పిలిస్తే రాలేదు నువ్వు. కోపం అలాగే ఉంది. నేను పోతే నా కోపమూ పోతుందనుకున్నావా? ముందు లేచి కిటికీ సంగతి చూడు."

మళ్ళీ గడగడలాడతాడనుకుంది ఆవిడ. లేదు. కళ్ళు తుడుచుకుని లేచి పనిముట్ల సంచి తెచ్చుకున్నాడు. కిటికీ రెక్క పట్టుకుని ఊపాడు, సందులో ఉలి దూర్చి సుతారంగా లేవదీశాడు, మేకులు పీకి రెక్కని ఒళ్ళోకి దించుకున్నాడు. రెక్క అంచుకి చిత్రిక పట్టడం మొదలెట్టాడు. ఒకచోట చెక్క పేళ్ళుగా లేచింది.

"ఎదురుగా చిత్రిక పడుతున్నావు. చెక్క నార ఎటుందో చూసుకో," అని విసుక్కున్నాడు తండ్రి.

"చూస్తున్నాలే, నాకు తెలీదా!" అని కొడుకూ విసుక్కున్నాడు.

రెక్క మళ్ళీ బిగించి తోస్తే ఒక్క వేలికి తెరుచుకుంది. వీధిలోని గాలి లోపలికొచ్చింది. ముసలాయన గుండెల నిండా పీల్చుకున్నాడు, కుర్చీ కిర్రుమంది. "ఊఁ," అన్నాడు. "ఇప్పుడు ఆ తలుపు. నేలకి రాసుకుంటోంది, వినబడట్లేదా?"

తలుపు ఊడదీసి రెండు బల్లల మీద పడుకోబెట్టాడు. బయట ఎండ గోడ దాటి వెళ్ళిపోయింది. అతను తలెత్తి చూడలేదు. కండక్టరమ్మ చూసింది. ఆవిడ దీపం తెచ్చి పట్టుకుని నిలబడింది, ఏమైనా అంటే ఎక్కడ చెదిరిపోతుందోనని మొదటిసారి నోరు మూసుకుని.

అప్పుడొచ్చారు డాక్టరుగారూ గురువుగారూ, ఇద్దరూ కలిసి కాటా మోసుకుంటూ.

తాగని వేళ ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు వడ్రంగి. అలాంటివాడు జుట్టు నిండా చెక్కపొట్టుతో వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. "తలుపు లేదు కదా అని అడుగు పెట్టకండి," అన్నాడు.

"ఒక్కసారి ఆయన్ని పరీక్షించి..." అన్నారు డాక్టరుగారు.

"ఒక్కసారి దర్శించి..." అన్నారు గురువుగారు.

"మా నాన్న మీకేం కనబడ్డా అది మీ ఇష్టం. నన్ను మాత్రం ఇంకా కోపంగానే చూస్తున్నాడు. ఆ కోపం నాది. అది నేనెవరికీ ఇవ్వను."

లోపల్నించి ముసలాయన కేకేశాడు. "ఎవర్రా?"

"ఎవరో పెద్దవాళ్ళు నాన్నా. వెళ్ళిపోతున్నారు."

డాక్టరుగారు కాటా కింద పెట్టారు. "పోనీ, రేపు సాయంత్రం రమ్మంటారా?"

"రేపు సాయంత్రం నాకు పనుంది," అన్నాడు వడ్రంగి. "ఎల్లుండి సాయంత్రం కూడా పనుంది."