ముగ్గుర్ని పంపండి

మిల్లు గేటు దగ్గర సాయంత్రం సోదా మామూలే. నూలు దొంగిలించారేమోనని కాపలావాడు ఆడవాళ్ళ ఒళ్ళంతా తడిమితే గాని బయటికి వదలడు. ఆ రోజు వరసలో ఉస్తీన్యాకి ముందు ఆమె ఆడబిడ్డ ఫెదోస్యా నిలబడింది. ఎనిమిదో నెల.

"ఏం దాచావే ఇక్కడ? గుడ్డ తానుకి తాను చుట్టబెట్టావా?" అంటూ వాడు పిడికిలితో కడుపులో పొడిచాడు. పక్కనున్న గుమాస్తాలు పగలబడి నవ్వారు.

రెండోనాడు ఫెదోస్యా చచ్చిన బిడ్డను కన్నది.

ఆ కబురు వినగానే నేతపని ఆడవాళ్ళు మగ్గాలు ఆపేశారు. వాళ్ళని చూసి మగవాళ్ళూ ఆపారు. మధ్యాహ్నానికి రెండు వేలమంది ఆవరణలో, మోకాటిలోతు మంచులో నిలబడ్డారు. వాళ్ళేమీ కొండమీది కోతిని తెమ్మనలేదు. ఆ కాపలావాణ్ణి తీసెయ్యాలన్నారు, ఇకమీదట ఆడవాళ్ళ మీద మగవాడి చెయ్యి పడకూడదన్నారు. అంతే.

జారు చక్రవర్తి ప్రభుత్వపు మిల్లుల ఇన్‌స్పెక్టరు దిగాడు. తెల్లటి చేతితొడుగులు, తియ్యటి గొంతు.

"తమ్ముళ్ళారా, రెండు వేల నోళ్ళతో నేనెలా మాట్లాడను? ముగ్గుర్ని ఎన్నుకుని పంపండి. వాళ్ళ వెంట్రుక కూడా ఎవరూ తాకరు. శిలువ మీద ఒట్టు."

"పంపకండ్రా! గొర్రె కసాయివాణ్ణే నమ్మిందట!" అని అరిచాడు రంగుల షెడ్డులో పనిచేసే ముసలి నికందర్.

"ఊరుకో తాతా! శిలువ మీద ఒట్టేశాక ఇంకేం కావాలి?" అని కసిరింది ఉస్తీన్యా. వెనక్కి తగ్గుతున్న మొగుడు యెర్మొలాయ్‌ వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. "వెళ్ళవయ్యా, మాటకారివి నువ్వే కదా. తోడబుట్టినదాని కోసం ఆ మాత్రం నోరు విప్పలేవా?"

యెర్మొలాయ్, ఇంకో ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఆఫీసు తలుపు మూసుకుంది. కాసేపటికి వెనక గేటులోంచి మంచు మీద జారే గుర్రపుబండి ఒకటి బయటికొచ్చింది. ముగ్గురి చేతులకీ సంకెళ్ళు, అటూ ఇటూ పోలీసులు. యెర్మొలాయ్ తల తిప్పి ఏదో అనబోతే పోలీసువాడు తుపాకీ మడమతో మూతి మీద కొట్టాడు.

యెర్మొలాయ్ మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. ఆ వసంతంలోనే సైబీరియా దారిలో ఒక జైల్లో విషజ్వరంతో పోయాడు. అది తర్వాతి సంగతి. అప్పటికి మాత్రం ఉస్తీన్యాకి తెలిసింది ఒక్కటే: తన మొగుణ్ణి తన చేత్తోనే తోసింది. ఆ చేతిని నరికేసుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్టరు మళ్ళీ మెట్లమీదికి వచ్చాడు. ఈసారి ఆవరణ నిండా గుర్రాల మీద కొసాక్కు సైనికులు.

"నిన్నటివాళ్ళు అల్లరివాళ్ళు. ఈసారి బుద్ధిమంతుల్ని ముగ్గుర్ని పంపండి."

ఇళ్ళలో రొట్టె నిండుకుంది. "పోనీ, పంపుదామా?" అని గొణిగాడొక నేతగాడు.

"ముందు నీ పెళ్ళాన్ని పంపరా, చవటా!" అంది వెనకనుంచి వడుకుపని చేసే ఒకావిడ.

ఉస్తీన్యా మెట్ల దగ్గరికి నడిచింది. "ముగ్గురూ లేరు, నలుగురూ లేరు. అందరం వస్తాం."

"ఎవతివే నువ్వు? పేరేంటి?"

నోరు తెరిచేలోగా ఒక కొసాక్కు కొరడా పడింది. చెంప చీలి నెత్తురు కారింది. వడుకుపని ఆవిడ ముందుకొచ్చి ఉస్తీన్యా పక్కన నిలబడి అదే మాట అంది. ఆవిడ మీదా కొరడా పడింది. తర్వాత నికందర్ అన్నాడు. ఆ తర్వాత ఇందాక గొణిగిన నేతగాడు, వణుకుతూనే అన్నాడు. గుర్రాలు మీదికొచ్చాయి. ఇద్దరు డెక్కల కింద నలిగి మళ్ళీ లేవలేదు. అయినా జనం జబ్బకి జబ్బ ఆనించి మెట్లెక్కారు.

ఇన్‌స్పెక్టరు వెనక్కి జరిగి తలుపు నెట్టాడు. లోపల గుమాస్తాలు అప్పటికే గడియ పెట్టేసుకున్నారు.

"ఇంతమందితో నేనెలా మాట్లాడనమ్మా?" అన్నాడు.

ఉస్తీన్యా నోట్లోని నెత్తురు ఉమ్మేసింది.

"నువ్వు మాట్లాడకు. విను."