మానేసినవాళ్ళ జాబితా

నా బావమరిదిని చూస్తే ఈ మధ్య నాకు ఒళ్ళు మండిపోతోంది. ఈ డ్రైవింగ్ స్కూల్లో నేను పద్నాలుగేళ్ళుగా కారు నేర్పుతున్నాను. వాడు నిన్నగాక మొన్న, అదీ నా సిఫారసు మీద చేరాడు. ఇప్పుడు కొత్త బ్రాంచికి ఇన్‌ఛార్జిగా ఎవరిని పంపాలో తేల్చడానికి ఓనరమ్మ సర్వే పెట్టింది. లైసెన్సు చేతికొచ్చిన రోజు అందరూ నింపే కాగితాల్లో నాకు పదికి ఎనిమిదిన్నర, వాడికి తొమ్మిది.

అర మార్కు! రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. పైగా వాడు వచ్చి, "నీ దగ్గర నేర్చుకున్నదేగా బావా" అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది.

మూడో రోజు నాకు కిటుకు దొరికింది. వాడు ఒట్టి మెతక. తిట్టడు, భయం పెట్టడు. వాడి దగ్గర సగంమంది మధ్యలోనే మానేసి ఉంటారు. తిన్నగా ఓనరమ్మ గదికి వెళ్ళాను.

"ఈ కాగితాలు నింపిందెవరమ్మా? గట్టెక్కినవాళ్ళు. లైసెన్సు చేతిలో ఉన్నవాడు ఎవర్నైనా పొగుడుతాడు. హోటల్లో రోజూ తినేవాళ్ళని అడిగితే వంట బాగుందనే అంటారు. ఒక్కసారి తిని మళ్ళీ గడప తొక్కనివాళ్ళని కదా అడగాలి!"

ఆమె చేతిలో పెన్ను పక్కన పెట్టింది. "నిజమే, నాకు తట్టనే లేదు. రిజిస్టరు తీసుకో, వాడు చేరినప్పటినుంచీ ఇద్దరి లెక్కా చూడు. నా ముందే ఫోన్లు చెయ్యి."

ముందు వాడి లెక్క తీశాను. మానేసినవాళ్ళు నలుగురే. ఇద్దరు ఊరు మారారు, ఒకామెకు ఆపరేషన్, ఒకాయనకు కాలు విరిగింది. నలుగురూ "సారు బాగున్నారా?" అని అడిగారు.

నావాళ్ళు ముప్ఫై ఒక్కరు.

"క్లచ్ మీద కాలు పెట్టకముందే తిట్లు మొదలెట్టేవారండీ ఆయన" అంది ఒకామె, మాట్లాడుతున్నది నేనేనని తెలియక. ఇంకొకాయన నా గొంతు గుర్తుపట్టి ఫోన్ పెట్టేశాడు. పదకొండో ఫోను తర్వాత ఓనరమ్మ రిజిస్టరు మూసేసి, "ఇక చాల్లే" అంది.

ఇంటికొచ్చి మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "పండగ చేసుకో! కొత్త బ్రాంచి నీ తమ్ముడికే. నా దగ్గర ముప్ఫై ఒక్కరు మానేశారట!"

ఆమె గిన్నెలు తుడుస్తూ, "ముప్ఫై ఇద్దరు" అంది.

"ఏమిటి?"

"పెళ్ళయిన కొత్తలో నాకూ మూడు రోజులు నేర్పారు. నన్ను లెక్కలో వేసుకోలేదు. నాకు కార్లంటే పడదని అందరికీ చెబుతుంటారుగా."

చేతులు తుడుచుకుని, సంచిలోంచి ఒక కార్డు తీసి నా ముందు పెట్టింది. పోయిన నెల వచ్చిన లైసెన్సు. ఎవరు నేర్పారో చెప్పక్కర్లేకపోయింది. కొత్త బ్రాంచి చేజారినప్పుడు కూడా నాకు ఇంత మండలేదు.

"వాడికెన్ని మార్కులేస్తావ్?" అని అడగకుండా ఉండలేకపోయాను.

"పదికి పది." కార్డు మళ్ళీ సంచిలో పెట్టుకుని, నావైపు చూసింది. "మరి మీకెన్నో అడగరేం?"