కుంటని కాలు

జనవరి ఒకటో తేదీ పొద్దున హెన్రీ తన టీ కొట్టులో ఒక షరతు పెట్టాడు. ఈ ఏడాది ఏం మానుకుంటారో చెప్పినవాళ్లకే టీ. ముందురోజు రాత్రి చర్చిలో అందరూ చీటీల మీద రాసి పెట్టెలో వేశారట, అక్కడినుంచి తెచ్చాడు ఈ ఆలోచన.

కొట్టు ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే రోడ్డు మీద, ఊరి మలుపులో ఉంది. గొర్రెలు కాసేవాళ్లు మందను కొండవాలుకు తోలుకుపోయే ముందు అక్కడ ఆగుతారు.

"నేను బీడీ మానేస్తా" అన్నాడు ఆదెయ్య.

"పోయినేడూ అదే చెప్పినావు గదన్నా" అన్నాడు హెన్రీ.

"పోయినేడు చెప్పినాను. ఈ యేడు మానేస్తా."

బెంచీ మీద వీపు ఎండకు పెట్టి కూర్చున్న సిద్ధయ్య వంతు వచ్చింది. ఆదెయ్యకు బావ అవుతాడు. అరవై రెండేళ్లు. షుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది. రోజు మొత్తంలో ఆయన తన కోసం చేసుకునే పని ఒక్కటే. ఆ బెంచీ మీద కూర్చుని, మూడు చెంచాల చక్కెర వేయించుకున్న టీని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చల్లారేలోపు తాగడం.

"చక్కెర మానేస్తా" అన్నాడు.

"ఏం మానేది బావా, హెన్రీ నీకు పోసేదే చక్కెర. దాని మీద ఇంత టీ చల్లతాడు" అన్నాడు ఆదెయ్య. బెంచీ మీది వాళ్లు నవ్వారు.

సిద్ధయ్య కారణం చెప్పలేదు. డిసెంబరులో ఆయన కుడి అరికాల్లో తుమ్మముల్లు దిగింది. దిగినట్టు తెలియలేదు. రెండు రోజుల తర్వాత కాళ్లు కడుక్కుంటుంటే కనబడింది, లాగేశాడు. పుండు మానలేదు. చక్కెర మానేస్తే అదే తగ్గుతుందనుకున్నాడు. భార్య వెంకమ్మకు చెబితే ఆత్మకూరు డాక్టరు దగ్గరికి పదమంటుంది. డాక్టరు నడవొద్దంటాడు. ఎనభై గొర్రెల వెనక పొద్దుగూకులూ నడిచే మనిషి ఆ ఇంట్లో ఇంకొకరు లేరు.

మాట మీద నిలబడ్డాడు. మొదటి వారం ఆ టీని కషాయంలా మింగాడు. వింజమూరులో పెళ్లికి పోతే విస్తట్లో లడ్డు అట్లాగే వదిలి లేచాడు. ఆ సంగతి వెంకమ్మ పదిమందికి చెప్పుకుంది. ఆదెయ్య బీడీ మూడో తేదీనే మొదలుపెట్టాడు.

పుండుకు వైద్యం కూడా సిద్ధయ్య తానే చేసుకున్నాడు. గొర్రెకు గిట్టల మధ్య పుండు పడితే మైలుతుత్తం కలిపిన నీళ్లలో కాలు ముంచుతారు. గొర్రె కాలు విదిలిస్తుంది. నాలుగైదు రోజులు ముంచితే కుంటడం మానేస్తుంది. కుంటితే జబ్బు, కుంటకపోతే నయం. నలభై ఏళ్లుగా ఆయన చూస్తున్నది అదే. సాయంత్రం మందను దొడ్లోకి తోలాక, దొడ్డి వెనక కూర్చుని అదే నీలం నీళ్లలో తన కాలు పెట్టుకుని, పైన గుడ్డ చుట్టేవాడు. వెంకమ్మ అడిగితే పగుళ్లనేవాడు. మంట పుట్టలేదు. కుంటు రాలేదు. రోజూ మంద వెనక నడుస్తూనే ఉన్నాడు.

ఫిబ్రవరి రెండో వారంలో ఇంట్లో కంపు కొడుతుంటే ఎలుక చచ్చిందని వెంకమ్మ మూలమూలా వెతికింది. ఎలుక దొరకలేదు. చివరికి మొగుడి కాలికున్న గుడ్డ విప్పింది. ఆదెయ్యను పిలిచి మందను అప్పజెప్పి, సిద్ధయ్యను ఆత్మకూరు బస్సెక్కించింది.

అక్కడ ఒక నర్సింగ్ హోములో డాక్టరమ్మ తుత్తం సంగతి అడిగి తెలుసుకుని, ఇనుప పుల్లతో పుండులో వెతికింది.

"నొప్పిగా ఉందా పెద్దాయనా?"

"లేదమ్మా. నయమవతా ఉండాది."

పుల్ల ఎముకకు తగిలిన చప్పుడు వెంకమ్మకు వినబడింది.

"షుగరుకు కాలి నరాలు చచ్చిపోయాయి. అందుకే నీకు నొప్పి తెలియలేదు. బాగున్న కండను ఆ తుత్తం కాల్చేసింది" అంది డాక్టరమ్మ. "విషం పైకి పాకుతోంది. మోకాలి కింద తీసెయ్యాలి. ఈ రోజే."

"జనవరి ఒకటి నుంచి చక్కెర ముట్టలేదమ్మా నేను."

"మంచి పనే చేశావు" అంటూ ఆమె ఆపరేషనుకు ఒప్పుకోలు కాగితం బల్ల మీద పెట్టింది.

సిద్ధయ్య కాగితం వైపు చూడలేదు. "కుంటే కాలైతే తీసెయ్. కుంటని కాలు ఎవురన్నా తీస్తారా?" అని మంచం దిగాడు. వార్డు ఆ చివర దాకా నడిచాడు. గోడను తాకి తిరిగి వచ్చాడు. నడుము వంగలేదు, అడుగు తడబడలేదు. మంచాల మీది రోగులు తలలు తిప్పి చూశారు.

"యాడన్నా కుంటినానా? నువ్వే చెప్పు" అని వెంకమ్మను అడిగాడు.

వెంకమ్మ నేలను చూస్తోంది. తెల్ల పలకల మీద పోయిన దారిలోనూ వచ్చిన దారిలోనూ తడి ముద్రలున్నాయి. అన్నీ కుడికాలివే.

"లేదయ్యా, కుంటలేదు" అంది. బల్ల దగ్గరికి పోయి, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించమని డాక్టరమ్మను అడిగింది.