ఆయాకో గారూ, ఇది మీ గొంతు

“ఓయ్” అన్నాడు యసుహికో, పేపర్లోంచి తల ఎత్తకుండా.

టీ కావాలని అర్థం. ఆ ఒక్క మాటకి ఎన్ని అర్థాలున్నాయో ఇరవై మూడేళ్లు కాపురం చేసిన భార్యకి తప్ప ఇంకెవరికీ తెలీదు. పొద్దున్నే పేపరు వెనక నుంచి వస్తే టీ. స్నానాల గదిలోంచి వస్తే తువ్వాలు. గుమ్మం దగ్గర కాస్త సాగదీస్తే గొడుగు. మామూలుగా అయితే ఆ ‘ఓయ్’ గాల్లో ఉండగానే ఆవిడ ‘ఆఁ, వస్తున్నా’ అనేది. ఆ వేళ అనలేదు. వసారాలో వెదురు గడకి బట్టలు ఆరేస్తోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఏప్రన్ లోపల తనే కుట్టుకున్న జేబులో సీడీ ప్లేయరు. రెండో ‘ఓయ్’ కూడా వినపడలేదు. మూడోసారికి అత్తగారు కిను లేచొచ్చి, ఆరేసిన దుప్పటి పక్కకి లాగి, చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని ఏ లోకంలో ఉన్నావమ్మాయ్, వాడక్కడ గొంతు చించుకుంటున్నాడని కసిరింది.

గొంతు చించుకోవడమంటే ఒక్క మాట మూడుసార్లు అనడం. సరే, ఆవిడ వెళ్లి టీ పెట్టింది.

ఆ సీడీ ప్లేయరు ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ కిను గారికి అది కంట్లో నలుసే. దానికో కథ ఉంది. వాళ్లుండే తోయమా ఊళ్లో, సందు చివర సూపర్ మార్కెట్లో సరుకులు కొంటే చిన్న చిన్న స్టాంపులిస్తారు. ముల్లంగి, టోఫు, చేపలు, సబ్బులు, ఆయన గారి బీరు, అన్నీ మోసుకొచ్చేది ఆవిడే. ఆ స్టాంపుల్ని నాలికతో తడిపి పుస్తకాల్లో అంటించేదీ ఆవిడే. నాలుగేళ్లకి పద్నాలుగు పుస్తకాలు నిండాయి. వాటికి బదులు ఏ వస్తువు తీసుకోవచ్చో చూపించే కేటలాగు వచ్చింది. అత్తగారు కరెంటు దుప్పటి ఉన్న పేజీ మడిచి పెట్టింది. ఆయన గోల్ఫు సంచీ ఉన్న పేజీ మడిచి పెట్టాడు. ఆవిడ ఎవరూ మడవని పేజీలోంచి సీడీ ప్లేయరు తెచ్చుకుంది. ‘దుప్పటి వస్తుందనుకున్నా’నని కిను గారు ఆ చలికాలమంతా ఇరుగమ్మకీ పొరుగమ్మకీ చెప్పుకుంది. కోడలి నాలిక తడికి వచ్చిన వస్తువు కోడలిది కాక ఇంకెవరిదమ్మా అని అడిగే నాథుడు లేడు.

తెచ్చుకుంది గానీ మొదట్లో దానితో తంటాలు పడింది. మెట్లు గబగబా ఎక్కితే పాట ఎగిరిపోయేది, కాబట్టి నిండుకుండ మోస్తున్నట్టు నడవడం నేర్చుకుంది. ఒకసారి రెండు రోజుల పాటు ఏ బొత్తం నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఏడుపొక్కటే తక్కువగా పట్టుకుపోతే, దుకాణంలో అమ్మాయి నవ్వి పక్కనున్న చిన్న మీట జరిపింది. “ఇది ఇటుంటే ఎవరు ఏం నొక్కినా పలకదండీ. పాడైనట్టు కాదు. పొరపాటున ఎవరి చెయ్యీ తగలకుండా పెట్టారు” అంది. ఆవిడ ఇంటికొచ్చి ఆ మీటని అటూ ఇటూ చాలాసేపు జరుపుతూ కూర్చుంది.

ఇంతసేపూ ఆవిడ, ఆవిడ అంటున్నాను. పేరు చెప్పకపోవడం నా మతిమరుపు కాదు. గొడవంతా ఆ పేరు దగ్గరే ఉంది.

పేరు రెండే అక్షరాలు. మన అక్షరాల్లా కాదు, వాళ్ల లిపిలో ఒకే బొమ్మక్షరానికి రెండు మూడు పలుకులుంటాయి. ఆ అక్షరాలని ఫుమికో అనీ చదవొచ్చు, ఆయాకో అనీ చదవొచ్చు. పెట్టినవాళ్లు చెబితే తప్ప ఏది ఒప్పో తెలీదు. పెట్టింది వాళ్ల నాన్న. కిమోనోలు నేసే మనిషి. నేతలో పడే అల్లికని ‘ఆయ’ అంటారని, ఆయాకో అని పెట్టుకున్నాడు. పెళ్లి విందులో కిను గారు లేచి నిలబడి, చేతిలో కాగితం చూసి, “మా కోడలు ఫుమికో” అని చదివేసింది. నలభైమంది చుట్టాలు గ్లాసులెత్తారు. ఎదుటి వరసలో నాన్న నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆడపిల్ల తండ్రి. పెళ్లికొడుకు పక్కకి వంగి, “ఇప్పుడనకు, అమ్మ పరువు పోతుంది, తర్వాత చెబుదాం” అన్నాడు. ఆ తర్వాత ఇరవై మూడేళ్లకీ రాలేదు. కాగితాల మీద కూడా ఇబ్బంది రాలేదు, పట్టణ రిజిస్టర్లో అక్షరాలే ఉంటాయి, పలుకుండదు. ఒక్క సిరాచుక్క ఖర్చు లేకుండా ఒక మనిషి పేరు మార్చేశారు! కూతురు నత్సుమి పుట్టాక ఆ ఫుమికో కూడా అరిగిపోయింది. అత్తగారికి ‘అమ్మాయ్’, ఇరుగుపొరుగుకి ‘నత్సుమి వాళ్లమ్మ’, మొగుడికి ‘ఓయ్’. నాన్న పోయాక ఆయాకో అని పిలిచే నోరే లేకుండా పోయింది. ఆయన తద్దినం నాడు అన్నిటికన్నా ముందు ఆమెకి గుర్తొచ్చేది ఆ పిలుపే.

కిందటేడాది నత్సుమి చదువుకని క్యోటో వెళ్లాక, ఆమె పేటలోని ఆడవాళ్ల బృందగానంలో చేరింది. మొదటి రోజున మిజుహారా టీచరు హాజరు పుస్తకం తెరిచి, “ఈ పేరు ఎలా పలకాలండీ?” అని అడిగింది. అది మామూలు ప్రశ్న. కానీ ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. “ఆయాకో” అని చెబుతుంటే, ఎక్కడో దాచి మరిచిపోయిన వస్తువు చేతికి తగిలినట్టయింది ఆమెకి. ఆమెది కింది స్థాయి గొంతు. జనం చెవికి ఎక్కే పాట కాదది, ఆ పాట పడిపోకుండా కింద నుంచి ఆసరా ఇచ్చేది. ఇంటి దగ్గర సాధన చేసుకోమని టీచరు తన మేనల్లుడి చేత ఒక్కొక్కరికీ విడిగా సీడీ చేయించి ఇచ్చింది. మొదటి బొత్తం నొక్కగానే టీచరు మాట వస్తుంది: “ఆయాకో గారూ, ఇది మీ గొంతు. వినండి.” తర్వాత పియానో. పాట సంగతలా ఉంచండి, ఆ మొదటి మాట కోసం ఆమె బియ్యం కడుగుతూ నొక్కేది, అత్తగారి కాళ్లకి మందు రాసి చేతులు తుడుచుకుని నొక్కేది, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ నొక్కేది. రోజుకి ముప్ఫైసార్లైనా తన పేరుతో తనని పిలిపించుకునేది. పిచ్చి అనుకుంటే అనుకోండి.

శరదృతువులో పురపాలక హాల్లో కచేరీ. ఆమెకి విడిగా నాలుగు చరణాలిచ్చారు. అచ్చు వేసే కార్యక్రమ పత్రం కోసం ఒక ఫారం నింపాలి, అందులో పేరు రాసి, అక్షరాల నెత్తిన చిన్న అక్షరాలతో పలుకు కూడా రాయాలి. ఆదివారం మధ్యాహ్నం ఆ ఫారం బల్ల మీద ఉండగా యసుహికో చూశాడు.

“ఫుమికో అని రాయి” అన్నాడు. తన అక్కావాళ్లూ చిన్నాన్నావాళ్లూ అందరూ వస్తారట. ఇన్నేళ్ల తర్వాత అమ్మ తప్పు చదివిందని నలుగురిలో అచ్చేసి పంచిపెడతావా అన్నాడు. ఎనభై దాటిన మనిషని కూడా చూడవా అన్నాడు. ఎలా చదివినా అవే అక్షరాలు కదా, ఇంత రాద్ధాంతం దేనికన్నాడు. ఆమె చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, ప్లేయరుతో సహా ఆయన ముందు పెట్టి, ఒక్కసారి వినండి అంది.

ఆయన బొత్తం నొక్కాడు. మళ్లీ నొక్కాడు. “ఇది పాడైంది. దుప్పటి తెచ్చుకున్నా బాగుండేది” అన్నాడు. ఆమె చెయ్యి చాపి పక్కనున్న మీట జరిపింది. ఇప్పుడు నొక్కండి అంది.

టీచరు మాట ఆయన చెవుల్లో పలికినప్పుడు ఆమె ఆయన మొహమే చూస్తోంది. ఆశ్చర్యపోతాడనుకుంది. ‘అయ్యో, నేను మరిచేపోయాను’ అంటాడనుకుంది. ఇన్నేళ్లూ ఆ ఒక్క నమ్మకంతోనే కాపురం లాక్కొచ్చింది: పాపం, పనుల్లో పడి మరిచిపోయాడు, మగవాళ్లంతే. మరిచిపోయినవాణ్ణి క్షమించొచ్చు. ఆయన ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, విసుగ్గా అన్నాడు.

“నీ పేరేమిటో నాకు తెలీదనుకున్నావా? తెలుసు.”

తెలుసు! గొడుగు కోసం, టీ కోసం, తువ్వాలు కోసం ‘ఓయ్’ అన్న ప్రతిసారీ అసలు పేరు నోట్లోనే ఉందన్నమాట. ఉండీ బయటికి తీయలేదు. అమ్మ పరువుకీ పెళ్లాం పేరుకీ తూకం వేసి, ఏది తేలికో ఏనాడో తేల్చేసుకున్నాడు. తను మాత్రం ఆయన మరుపుకి సాకులు వెతికి పెడుతూ బతికింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ ఎంత హాయిగా వచ్చిందంటే నడుం నిటారుగా నిలబడింది. పెన్సిల్ పక్కన పెట్టి పెన్ను తీసుకుంది. అక్షరాల నెత్తిన ‘ఆయాకో’ అని రాసింది. ఆయన చూస్తుండగానే కవర్లో పెట్టి, గమ్ము పట్టీని నాలికతో తడిపి అంటించింది. నాలికతో తడిపి అంటించడం ఆమెకి బాగా అలవాటైన పనే.

మర్నాడు పొద్దున ఎండ బాగా కాసింది. ఆమె వసారాలో బట్టలు ఆరేస్తోంది. లోపల పేపరు రెపరెపలాడింది.

“ఓయ్.”

ఆమె ఆయన చొక్కా విదిల్చి గడకి వేసింది.

“ఓయ్.”

అత్తగారి మేజోళ్లు జతలు చూసుకుని క్లిప్పులు పెట్టింది. దానికి చెవుల్లో ఆ తీగలున్నాయిరా, ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, నువ్వే లేచి వెళ్లు అంటోంది కిను గారు లోపల్నుంచి. మూడో ‘ఓయ్’ గట్టిగా వచ్చింది. కుర్చీ జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు. యసుహికో వసారాలోకి వచ్చి, దుప్పటి పక్కకి లాగి, ఆమె చెవుల్లోంచి తీగలు లాగేద్దామని చెయ్యి చాపాడు.

తీగల్లేవు. చెవులు ఖాళీగా ఉన్నాయి. ప్లేయరు కిటికీ గట్టు మీద, తీగ చుట్టి, మూత మూసి ఉంది. ఆయన చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

“వినపడుతోందండీ” అంది ఆమె, తడి దిండు గలీబు దులుపుతూ. “పేరు పెట్టి పిలవండి, పలుకుతాను. మీకు తెలుసుగా.”