గుట్ట మీది రుమాలు

దర్గా గుట్ట మీద గడకు కట్టిన ఎర్ర రుమాలు ఫైసల్‌ది. లారీ నడిపేటప్పుడు మెడకు చుట్టుకునేవాడు. దారిలో చనిపోయినవాళ్ల గుడ్డను వెదురు గడకు కట్టి గుట్ట మీద నిలపడం, ఏడాది తిరిగి దర్గాలో ఉర్సు పండుగ రాగానే దించడం ఆ ఊరి ఆనవాయితీ. హిందువులైనా ముసల్మానులైనా అంతే. దించితే పోయినవాణ్ణి సాగనంపినట్టు. దించిన గడను మళ్లీ ఎత్తరు.

మెహమూద్ దించలేదు. కొడుకు పోయి మూడేళ్లు దాటింది. దర్గా చూసుకునే ముజావర్ తనే కనుక అడిగేవాళ్లు లేరు. ఉర్సు వచ్చినప్పుడల్లా పక్కన ఇంకో పొడుగు వెదురు పాతి, రుమాలు గడను దానికి కట్టి పైకి జరిపాడు. ఊళ్లో అతని భార్య తాహేరా వాకిట్లో మంచాన్ని గుట్ట వైపు తిప్పి వేసుకుంది. పొద్దున లేస్తే ఆమెకు ఆ రుమాలు కనపడాలి.

ఆ ఎండాకాలం ఊరి పనులు చూసే సుంకరి పోచయ్య ఒకామెను వెంటబెట్టుకొని గుట్ట ఎక్కాడు.

"మెహమూద్ భాయ్, గీ మేడం మంజులత. కింద కొత్తగ రన్‌వే ఏసిండ్రు గద, లేచిన విమానం ఎటు మలగాలెనో దారి గీసేది ఈమెనే."

"ఆకాశంల గూడ దారి గీస్తరా?"

"మన ఊరి తొవ్వ కంటె నయమేనట. గుంతలుండయి."

మంజులత గడను కింది నుంచి మీదికి చూసింది. మంచినీళ్లడిగి తాగింది. తర్వాత మాట మొదలుపెట్టింది.

"చాచా, విమానానికి రెండు ఇంజన్లుంటయి. లేస్తుండగ ఒకటి ఆగిపోతే అది తొందరగ ఎత్తుకు పోలేదు. ఎదురుంగ పెద్దగుట్ట. అందుకే ఎడమకు మలిగి మీ గుట్ట మీదికెల్లి పోవాలె. ఆ దారిల అన్నిట్ల ఎత్తుగున్నది ఈ గడనే."

"కుడికి మలపరాదా?"

"అటు అడివి గుట్టలు ఇంకా ఎత్తు."

"ఎప్పుడన్న ఆగిందా ఇంజను?"

"ఎన్నడూ ఆగకపోవచ్చు. ఆగినంక ఆలోచిస్తమంటె మాత్రం టైముండది."

"నేను గడ దించ," అన్నాడు మెహమూద్.

ఆమె బలవంతపెట్టలేదు. "సరే చాచా. విమానంల బరువు తక్కువ రాస్త. తేలిగ్గుంటె ఒక్క ఇంజనుతోని గూడ గడను దాటుతది."

"మరింకేంది, ఓ రెండు మూటలు దించితె అయిపాయె," అన్నాడు పోచయ్య.

"మూటలుండయి. పట్నం దవాఖానకు రోగులను తీస్కపోయే చిన్న విమానమది. ఒక మనిషినే దించాలె. డాక్టరును దించలేం. రోగి ఎంబడి వచ్చేటాయన దిగాలె."

ఘాట్ రోడ్డు మలుపులో లారీ పడ్డ రోజు, పట్నం పోయే అంబులెన్సులో ఫైసల్ తల మెహమూద్ తొడ మీద ఉంది. దారిలో డిండి ఊరు దాటేదాకా మాట్లాడాడు. అమ్మీకి చెప్పొద్దన్నాడు. తర్వాత చేయి మాత్రం పట్టుకున్నాడు. ఆ చేయి ఎక్కడ వదులైందో మెహమూద్‌కు తెలుసు. తాహేరా అడిగితే, పడ్డప్పటి నుంచి వానికి తెలివే లేదని చెప్పాడు.

"తోడు ఎవ్వలు లేకుండనా?" అన్నాడు.

"డాక్టరుంటడు చాచా."

"డాక్టరుంటడు," అన్నాడు మెహమూద్.

లేచి కట్లు విప్పసాగాడు. పోచయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని గడ మొదలు పట్టాడు.

"మెల్లగ, భాయ్."

వెదురు నేలకు ఒరిగింది. రుమాలుకు ఎరుపు ఎన్నడో పోయింది. పట్టుకుంటే పోగులు వేళ్లకంటుకున్నాయి. మెహమూద్ కొడుకు పేరిట ఫాతిహా చదివాడు. అతను చదివినంతసేపూ మంజులత రన్‌వే వైపు తిరిగి నిలబడింది.

పొద్దు వాలుతుండగా అతను ఇల్లు చేరాడు. తాహేరా మంచంలోనే కూర్చుని ఉంది. గుట్ట వైపు చూడడం లేదు.

"దించినవా?"

"దించిన."

ఎందుకని ఆమె అడగలేదు. విమానం సంగతి, ఇంజను సంగతి చెప్పాలని దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. అవేవీ ఎత్తకుండా రుమాలు ఆమె ఒళ్లో పెట్టాడు.

"డిండి దాటేదాంక మాట్లాడిండు వాడు," అన్నాడు.

తాహేరా చాలాసేపు రుమాలును చూసింది. తర్వాత మంచం మీద పక్కకు జరిగి అతనికి జాగా ఇచ్చింది.