లుంగీ కింది చెర్రీ బల్ల

సోమవారం పగలు పదకొండు నలభైకి లోకనాథం బల్ల మీది లుంగీ గుడ్డ తీశాడు. బల్ల రెండు రంగుల్లో ఉంది. గుడ్డ లేని సగం ఎర్రబడింది, గుడ్డ కింది సగం పాలిపోయినట్టుంది.

అది చెర్రీ చెక్క. వేలూరులో పద్మనాభన్ అమెరికా పలకలు కొని చేయించిన భోజనాల బల్ల. పాలిష్ పని గుడియాత్తంలో లోకనాథానికి ఇచ్చాడు. శుక్రవారం బల్ల నచ్చితే దానికి జతైన ఎనిమిది కుర్చీల పనీ ఇతనికే, లేకుంటే వేరేవాళ్లకు. మగ్గం వదిలి పాలిష్ పనిలోకి వచ్చి రెండేళ్లయింది. టేకు తెలుసు, చెర్రీ ఇదే మొదలు.

శనివారం పొద్దున అవిసె నూనె పట్టించి, బల్లను ఇంటి ముందు ఆరబెట్టి, అణైకట్‌లో వేరే పనికి వెళ్లాడు. ఇప్పుడే తిరిగి వచ్చాడు.

నూనె సమంగా పట్టలేదనుకున్నాడు. రంగు వేసి రెండు సగాలూ కలిపేద్దామని బల్ల అడుగున కాస్త పూసి చూస్తే మచ్చలు మచ్చలుగా తేలింది. అంతా రుద్దేద్దామని గరుకు కాగితం తీసుకున్నాడు.

లోపల మగ్గం ఆగింది. అక్క ధనమ్మ వచ్చి లుంగీ అంచును చెక్క మీద రెండు రంగులు కలిసిన గీతకు ఆనించింది. రెండూ కలిశాయి.

"గుడ్డ నేనే కప్పినా నాయనా. అద్దకం నూలు ఎండకు ఎలిసిపోతుంది గదా, దీని రంగూ పోతుందనుకుంటి."

"సగమే కప్పినావే?"

"ఒక పొరైతే ఎండ దిగుతుందని మడిచినా. రెండో లుంగీ ఇంకా మగ్గం మీదే ఉండాది."

ధనమ్మ ఎర్రబడిన సగాన్ని వేలితో రాసి చూసింది.

"ఇది ఎలవలేదప్పా, ఎండకు రంగెక్కింది. గుడ్డ అటు జరుపు."

"నూలు సంగతి నీకు తెలుసు. చెక్క సంగతి యాడ తెలుసక్కా?"

"తెలీదు. గీత కంటి ముందరే ఉండాది గదా."

ఆమె మాట తప్పయితే మళ్లీ రుద్ది నూనె పట్టించడానికి రోజులు చాలవు. అయినా కాగితం కింద పెట్టి, గుడ్డను ఎర్రటి సగం మీదికి మార్చాడు.

మంగళవారం సాయంత్రానికి గీత పలచబడింది. బుధవారం నాలుగింటికి పక్కింటి చిన్నపొన్నును పిలిచి గీత ఎక్కడుందో చూపమన్నాడు. ఆమె రెండుసార్లు చూపింది, రెండుసార్లూ తప్పే. లోకనాథం గడప మీద కూర్చుని టీ అడిగాడు. గురువారం లక్క పాలిష్ రెండు పూతలు వేశాడు.

శుక్రవారం పదింపావుకు వేలూరులో పద్మనాభన్ బల్లను కిటికీ దగ్గరికి జరిపించి, వంగి చూసి, ఏ రంగు వేశావని అడిగాడు. రంగు వేయలేదని లోకనాథం చెప్పాడు.

మధ్యాహ్నం రెండున్నరకు ఎనిమిది కుర్చీలు గుడియాత్తం చేరాయి. శనివారం పొద్దున నూనె పట్టించి లోకనాథం వాటిని ఇంటి ముందు ఎండలో పెట్టాడు. ఏ కుర్చీ మీదా గుడ్డ లేదు.